రెండో సాక్షి

ఈమధ్య డాంబర్ గోలీలకు కూడా మల్లెపూల వాసన పెడుతున్నారు. బట్టల పెట్టెలో పురుగును తరమడానికి వేసే వస్తువును పురుగును పేరంటానికి పిలిచినట్టు తయారుచేస్తే ఎట్లా? వికారాబాద్ బజార్లో నాలుగు దుకాణాలు తిరిగాను. మూడింట్లో మల్లె, గులాబీ, నిమ్మ. నాలుగో దుకాణంలో కళ్ళద్దాల పెద్దమనిషి నా మొహం చూసి, "పాత తీరువే గావాల్నా అమ్మా? ముక్కు బద్దలైతది మల్ల" అని హెచ్చరించి, అటక మీదినుంచి ఒక పొట్లం దించి ఇచ్చాడు. ఇంటికొచ్చి ఇనుప పెట్టె తెరిచి, మా నాయిన నల్లకోటు మడతల్లో నాలుగు గోలీలు వేసేసరికి, తాండూరులోని మా చిన్నప్పటి ఇల్లు తన బండలతో, దుమ్ముతో, కందికాయలు ఉడికిన వాసనతో సహా లేచి కూర్చుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ గోలీల ఘాటు అటువంటిది.

ఆ కోటును మా నాయిన తొమ్మిదేళ్ళు తొడిగాడు, మిగతా జీవితమంతా దాచాడు. తొడిగినన్నాళ్ళు తాండూరు, వికారాబాద్ కోర్టుల్లో వకీలు. దాచినన్నాళ్ళు పక్షుల వెనక, గడ్డి వెనక, సీతాకోకచిలుకల వెనక తిరిగిన మనిషి. చదువుకున్నవాళ్ళు ఆయనను ప్రకృతి పరిశీలకుడు అనేవారు. తాండూరు ఆయనను పిట్టల వకీల్ అనేది. తాండూరు మాటే నిలిచింది.

వకీలు కావాలన్నది ఆయన కోరిక కూడా కాదు, మా తాత అవసరం. తాండూరుకు పడమట, కర్ణాటక పొలిమేర తగిలే ఊళ్ళో మా తాతకు నల్లరేగడి భూములుండేవి, భూములతోపాటు గెట్టు తగాదాలుండేవి. రోజుకు రెండు పూటల జొన్నరొట్టె ఎంత ముఖ్యమో, ఏడాదికి రెండు దావాలు ఆయనకు అంత ముఖ్యం. వాయిదా ఉన్న రోజున తెల్లటి రుమాలు తలకు చుట్టి, రొట్టెలూ పుంటికూర తొక్కూ మూట కట్టించుకుని, పెళ్ళికి పోయినంత సంబరంగా బయల్దేరేవాడట. బయటి వకీళ్ళు తన సంబరానికి తగినంత హుషారు చూపించడం లేదని విసిగి, ముగ్గురు కొడుకుల్లో పెద్దవాడికి నాగలి, నడిపివాడికి బండల పాలిష్ మిషను, చిన్నవాడైన మా నాయినకు లా పుస్తకాలు పంచిపెట్టాడు. మా నాయినమ్మ సగం కన్నడం, సగం తెలుగు మాట్లాడేది; కోపం వస్తే పూర్తిగా కన్నడం. ఆమె మాత్రం ఆనాడే, "గీనికి కొట్లాడుడే రాదు, వకీల్ ఎట్లైతడు?" అందట. మా ఇంట్లో చెప్పిన తీర్పుల్లో చివరిదాకా నిలబడింది అదొక్కటే.

తాండూరంటే బండ. నేల బండ, గోడ బండ, కొన్ని ఇళ్ళకు పైకప్పూ బండే. బట్టలుతికేది బండ మీద, చుట్టాలను కూర్చోబెట్టేది బండ మీద, పొలానికి కంచె కూడా నిలువుగా పాతిన బండలే. పాలిష్ మిషన్ల తెల్లపొడి గాలికి లేచి చింతచెట్ల మీద, వేపచెట్ల మీద, ఆరేసిన బట్టల మీద, మా తలల మీద పడేది. చెట్లు వానాకాలంలో పచ్చగానూ, మిగతా కాలమంతా తెల్లగానూ ఉంటాయని మూడో తరగతి పరీక్షలో రాసి నేను సున్నా తెచ్చుకున్నాను. మా నడిపి పెదనాయిన మిషను దగ్గర పడే నున్నటి బండచెక్కలు తొక్కుడుబిళ్ళ ఆటకు వజ్రాలతో సమానం, అందువల్ల ఆ ఆటలో నాకున్న పలుకుబడి నా ఆటతీరువల్ల వచ్చింది కాదు. చలికాలం రాగానే ఊరి చుట్టూ కందిచేన్లు పసుపుపచ్చగా పూసి, కాయ పట్టగానే ప్రతి ఇంటి పొయ్యి మీదా ఉప్పేసిన కందికాయలు ఉడికేవి; అరుగు బండ మీద కుప్ప పోసుకుని, చుట్టూ చేరి, వేళ్ళు ఆకుపచ్చగా అయ్యేదాకా ఒలుచుకు తింటుంటే, లోపలినుంచి అమ్మ "అన్నం ఎవరు తింటరు, గోడలా?" అని అరిచేది. సద్దుల బతుకమ్మకు రొట్టెలు చిదిమి బెల్లం కలిపి ముద్ద చేసే మలీద, దాని మీద మెరిసే నెయ్యి, పళ్ళెంలో పేర్చిన తంగేడు, గునుగు. ఇవన్నీ ఉన్నందువల్ల నేను చాలాకాలం తాండూరు ఈ భూమ్మీద ముఖ్యమైన పట్నాల్లో ఒకటని నమ్మాను.

మా నాయినను చెడగొట్టింది కోర్టే. పరిగి దిక్కు ఒక ఊళ్ళో అన్నదమ్ముల మధ్య భూమి తగాదా వస్తే, పోయి చూసి, కొలిపించి, ఉన్నదున్నట్టు రాసి ఇవ్వమని కోర్టు ఆయనను కమిషనర్‌గా పంపింది. ఉన్నదున్నట్టు రాయడమే ఆయన చేసిన తప్పు. తూర్పు హద్దు ఎవరిదో, పడమటి హద్దున ఎన్ని వేపచెట్లున్నాయో రాసి, నడుమ గులకరాళ్ళలో తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టి ఉన్నదనీ, కొలత గొలుసు లాగితే అవి పగులుతాయి కాబట్టి పిల్లలై నడిచిపోయేదాకా పని ఆపవలసిందనీ రాసి సంతకం పెట్టాడు. జడ్జిగారు అది చదివి, "ఈ గుడ్ల తరఫున వకాల్తా ఎవరిది?" అని అడిగారట. హాలంతా నవ్వింది. మా నాయిన లేచి నిలబడి, "నాదే" అన్నాడట. కమిషనర్ను మార్చాలనే విషయంలో మాత్రం ఆ అన్నదమ్ములిద్దరూ జీవితంలో మొదటిసారి ఏకమయ్యారని చెప్పుకునేవారు.

ఆ తర్వాత కక్షిదారులు ఒక్కొక్కరే వేరే వకీళ్ళ అరుగులు ఎక్కారు. మా నాయిన ఆదివారం ఒక్కరోజు కోట్‌పల్లి చెరువుకు పోయి బాతులను చూసేవాడు కాస్తా, సోమవారం కూడా అక్కడే ఉండిపోయాడు. చోర్ బజార్లో కొన్న దుర్బీను ఒకటుండేది, ఒక కన్ను దగ్గరే సరిగ్గా పనిచేసేది. వకీలుకు ఒక పక్షం కనిపిస్తే చాలదా అనేవాడు. అమ్మ ఒకరోజు కుట్టుమిషను తెచ్చి ముందుగదిలో, ఆయన కక్షిదారులు కూర్చునే చోట పెట్టుకుంది. దసరా నాడు మాత్రం మా ఇంటికి మళ్ళీ జనం వచ్చేవాళ్ళు. ఆ రోజు పాలపిట్టను చూడాలి కదా, ఎటు పోతే కనిపిస్తుందో చెప్పగలిగిన వకీలు తాలూకా మొత్తంలో ఆయనొక్కడే. జమ్మి ఆకు చేతిలో పెట్టి, దిక్కు కనుక్కుని పోయేవాళ్ళు. ఏడాదికి ఒక్కరోజు నడిచే ప్రాక్టీసు అది.

కోటు విప్పినా కోర్టు ఆయనను వదల్లేదు. చూసిన ప్రతి పిట్టనూ ఒక పెద్ద రిజిస్టర్లో దావా రాసినట్టు రాసేవాడు: వరుస సంఖ్య, తేదీ, వేళ, స్థలానికి నాలుగు దిక్కుల హద్దులు, పిట్ట ఏం చేస్తున్నది, అడుగున తన సంతకం, దాని పక్కన రెండో సాక్షి సంతకం. ఒక్కడి కళ్ళు మోసపోవచ్చు కాబట్టి రెండో మనిషి కూడా చూశానంటేనే ఆ పిట్ట ఉన్నట్టు. సాక్షికి ముందుగా ఏమీ చెప్పకూడదు, జవాబు నోట్లో పెట్టే ప్రశ్న అడగకూడదు. "అగో, కౌజు పిట్ట సూడు" అనడం ఆయన లెక్కలో నేరం. "ఏం కనవడుతున్నది?" అని మాత్రమే అడగాలి.

మొదటి రెండో సాక్షి ఆయన గుమాస్తా. చూడకుండానే సంతకాలు పెడుతున్నాడని తేలడంతో అతని సాక్ష్యం కొట్టేశాడు. గుమాస్తాగిరిలో అలవాటైన చెయ్యి, దాని తప్పేముంది? తర్వాత అమ్మ. భర్త మాట కాదనదు కాబట్టి ఆమె సాక్ష్యం చెల్లదన్నాడు. మా తాత ఊరి దగ్గర గొర్లు కాసే బీరప్ప ఆయన కంటే ముందే ప్రతి పిట్టనూ చూసేవాడు, అయితే బీరప్ప పోయినప్పుడల్లా ఆయనతో ఛాయ్ తాగే దోస్తు, పైగా చదువు రాదు, వేలిముద్ర. అందువల్ల అతనూ పనికిరాడు. చివరికి నా దగ్గరికొచ్చింది. "ఇంట్ల నామీద లిహాజ్, మొగమాటం లేనిది నీకొక్కదానికే. నువ్వే సరైన సాక్షివి" అన్నాడు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. అంతకన్నా పెద్ద బిరుదు నాకు ఇప్పటిదాకా రాలేదు.

రెండేళ్ళు ఆ ఉద్యోగం చేశాను. తెల్లవారగానే బస్సెక్కి, అమ్మ కట్టిచ్చిన రొట్టెలు పది గంటలకే తినేసి, కుల్కచర్ల చేన్లలో పూరేడు పిట్టలనూ, అనంతగిరి గుట్టల్లో సీతాఫలాలతోపాటు గుడ్లగూబలనూ చూసి సంతకాలు పెట్టాను. సీతాఫలం గుజ్జు అంటిన వేళ్ళతో పెట్టిన సంతకాలు ఇప్పటికీ ఆ రిజిస్టర్లో మరకలతో ఉన్నాయి. చేతిలో చెయ్యి పెట్టి నడిచేటప్పుడు ఆయన మాట్లాడేవాడు కాదు. పిట్టలు బెదురుతాయని కాబోలు అనుకున్నాను, మాట్లాడకుండానే అన్నీ చెప్పినట్టుండేది.

అయిదో తరగతిలోకొచ్చాక లోకం మారింది. బళ్ళో నా పేరు పోయి "పిట్టల వకీల్ బిడ్డ" మిగిలింది. నేను లేచి నిలబడితే వెనక బెంచీ వాళ్ళు కిచకిచమనేవాళ్ళు. ఒకరోజు ఏడుస్తూ వస్తే, అమ్మ మిషను తొక్కడం ఆపకుండానే, "పిట్టలు దొరుకుతున్నన్ని దినాలు మీ నాయిన కోర్టు మొకం సూడడు" అంది. ఊరికే అన్న మాట. నేను దాన్ని చట్టంలా పట్టుకున్నాను. పిట్ట దొరక్కపోతే ఆయన కోటు తొడుక్కుంటాడు. కోటు తొడుక్కుంటే నేను మళ్ళీ వకీల్ సాబ్ బిడ్డనవుతాను.

ఆ ఏడే మా తాత ఊరి పక్కన ఉన్న పెద్ద బీడును బండల క్వారీకి ఇస్తున్నారని తెలిసింది. కనుచూపు మేర నడుముల్లోతు గడ్డి, చెట్టన్నది లేదు. ఆ గడ్డిలో బట్టమేక పిట్ట ఉన్నదని బీరప్ప ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నాడు. మనిషి నడుమంత ఎత్తుండే ఆ పిట్ట దేశంలోనే అరుదు. అది ఉన్నదని రుజువైతే ఆ నేల మీద గడ్డపార పడకుండా ఆపమని అడగొచ్చునని మా నాయిన అర్జీ రాసి పెట్టుకున్నాడు. అర్జీలో ఒక పేజీ ఖాళీ. రిజిస్టర్లో ఆ పిట్ట ఎక్కాలి, దాని కింద రెండు సంతకాలు పడాలి. వానాకాలమంతా వారం వారం పోయాం. కనిపించలేదు.

కనిపించింది సద్దుల బతుకమ్మ నాడు. కొత్త లంగా కట్టుకుని ఉన్నాను, మధ్యాహ్నం బస్సుకు తిరిగొద్దామని, దారిలో గునుగు పూలు కోసుకుందామని మాటిచ్చి తీసుకుపోయాడు. మధ్యాహ్నం బస్సు పోయింది. పొద్దు వాలుతున్నది. గట్టు వెనక ముగ్గురం బోర్లా పడుకుని ఉన్నాం; నాకు ఒక పక్క మా నాయిన, ఇంకో పక్క బీరప్ప. తాండూరులో నా ఈడు పిల్లలంతా ఈపాటికి బతుకమ్మలు ఎత్తుకుని ఉంటారని తలుచుకుంటూ చేతికందిన గడ్డిపరకలన్నీ తెంపుతున్నాను.

అప్పుడు గడ్డి కదిలింది. ముందు తెల్లటి పొడుగాటి మెడ, దాని పైన నల్లటి టోపీ లాంటి నెత్తి, తర్వాత గోధుమరంగు ఒళ్ళు. జడ్జిగారు లోపలికొస్తే హాలంతా సద్దుమణిగినట్టు, గడ్డిలో మిగతా పిట్టల చప్పుడు ఆగిపోయింది. అది తొందర లేకుండా, ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తున్నట్టు, మా ముందునుంచి నడిచింది. నేను చూశాను. ఆ తర్వాత నా కళ్ళు చూసిన చాలావాటిని మరిచిపోయాను గాని, దాని మెడ మీద పడ్డ ఎండను మరిచిపోలేదు.

మా నాయిన అప్పుడే పెన్ను మూత తీసి పట్టుకున్నాడు. అయినా ప్రశ్న మారలేదు.

"ఏం కనవడుతున్నది బిడ్డా?"

"గడ్డి."

ఆయన ఊపిరి నా చెంపకు తగిలింది. "ఇంకా?"

"గడ్డే."

"అగో, గంత పెద్దగ నడుసుకుంట పోతుంటె..." అని బీరప్ప లేవబోయాడు.

"నువ్వు ఊకో బీరప్పా. సాక్షి జెప్పాలె."

"నేను సూసిన గద పటేలా! నా ఏలిముద్ర ఏస్కో."

"దోస్తు సాక్ష్యం చెల్లదోయ్. బిడ్డ జెప్తెనే."

పిట్ట గడ్డిలోకి పోయింది. మా నాయిన రిజిస్టర్ తెరిచి నాలుగు హద్దులూ రాసి, పిట్ట పేరు రాసి, సంతకం పెట్టి, పక్కన "రెండో సాక్షి బలపరచలేదు" అని రాశాడు. తర్వాత దాని మీదుగా ఒక గీత గీశాడు, చదవడానికి వీలుగా, సన్నగా. తిరిగొచ్చే దారిలో చెప్పులు విప్పి చేన్లోకి దిగి, రెండు చేతుల నిండా గునుగు కోసి నా ఒళ్ళో పోశాడు. మేం తాండూరు చేరేసరికి బతుకమ్మలను సాగనంపి అందరూ తిరిగొస్తున్నారు. ఆ పూలు పొద్దున్నే పక్కింటి మేక తిన్నది.

అర్జీ పోయింది, ఆ పేజీ లేకుండానే. పూరేడు పిట్టల కోసం, కౌజుల కోసం క్వారీ ఆపమని అడిగితే ఎవరాపుతారు? జవాబు కూడా రాలేదు. రెండేళ్ళకు క్వారీ పేలుళ్ళ చప్పుడు మా తాత ఊరి కిటికీలను కదిలించింది. మా నాయిన కోటు తొడుక్కోనూ లేదు. నా చట్టం కూడా తప్పింది. మేం వికారాబాద్‌కు మారాం. ఆయన అనంతగిరి చుట్టూ తిరుగుతూ ముసలివాడయ్యాడు, బడిపిల్లలకు ఆకుల పేర్లు చెప్పాడు, రిజిస్టర్లు పదకొండయ్యాయి. రెండో సాక్షులు ఎవరెవరో మారారు. నన్ను మాత్రం ఆ రోజు తర్వాత ఎన్నడూ పొద్దున్నే లేపలేదు. బడి ఉంది కదా, పడుకోనీ అనేవాడు అమ్మతో. సెలవుల్లో కూడా అదే మాట.

పోయిన వానాకాలం ఆయన పోయాడు. అంతకుముందు నెల రోజులు మంచంలో ఉన్నప్పుడు, చెప్పాలని మూడుసార్లు పక్కన కూర్చున్నాను. ఒకసారి ఆయనకు కునుకు పట్టింది. ఒకసారి ఛాయ్ వచ్చింది. మూడోసారి ఆయన మేలుకునే ఉన్నాడు, ఇంట్లో ఎవరూ లేరు, నేను ఈ ఏడాది వానలు సరిగ్గా లేవని చెప్పి లేచి వచ్చాను. వాళ్ళూ వీళ్ళూ నన్ను హాస్యంగా మాట్లాడుతుందంటారు. అవసరమైనప్పుడు మాట్లాడడం రాని వాళ్ళకు అది బాగానే పనికొస్తుంది.

కోటు పెట్టెలో సర్దిన మర్నాడు, ఆ పాత రిజిస్టర్ సంచిలో వేసుకుని తాండూరు బస్సెక్కాను. దారి పొడుగునా కందిచేన్లున్నాయి గాని, ఊళ్ళో ఏ అరుగు మీదా కాయలు ఒలుస్తున్న పిల్లలు కనిపించలేదు, అరుగులే కనిపించలేదు. మా పెదనాయిన మిషను షెడ్డు ఉన్నచోట మొబైల్ దుకాణం ఉంది. మా తాత ఊరి దగ్గర ఆటో దిగి చూస్తే, బీడు లేదు. తాటిచెట్టంత లోతు గుంత, అడుగున పచ్చటి నీళ్ళు, ఒడ్డున పగిలిన బండల గుట్టలు. గడ్డి ఎక్కడుండేదో వేలు పెట్టి చూపించడానికి కూడా గుర్తు లేదు.

బీరప్ప తన కొడుకు ఇంటి ముందు బండ మీద కూర్చుని ఉన్నాడు. గొర్లు అమ్మి చాలా ఏళ్ళయిందట. చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని నన్ను చాలాసేపు చూశాడు.

"వకీల్ సాబ్ బిడ్డవా?"

"ఔ కాకా."

"మీ నాయిన పోయిండని ఇన్న. రాకపోతి. కాళ్ళు లేస్తలెవ్వు." గుంత వైపు గడ్డం ఆడించాడు. "ఏటేట వానలు మొదలు గాంగనె వస్తుండె. గాడ ఒడ్డుకు కూసుంటుండె. పిట్ట లేదు, గడ్డి లేదు, ఏం జూస్తవ్ పటేలా అంటె, జర ఊకోవోయ్ అంటుండె."

ఆయన అక్కడికి వస్తున్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను రిజిస్టర్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఇంక వానల గురించి మాట్లాడే అవకాశం లేదు.

"కాకా, ఆ దినం నేను పిట్టను చూసిన. చూడలేదని నాయినకు అబద్ధం చెప్పిన."

"నాకెర్కే. నీ కండ్లు దానెంబడే పోతుండె."

"మరి నాయినకు చెప్పకపోయినవా?"

"నేను జెప్తె రాస్కుంటడా?"

నేను ఆ పేజీ తెరిచాను. సన్నటి గీత, దాని కింద మా నాయిన దస్తూరీ. కింద ఖాళీలో మళ్ళీ రాస్తానని, ఒక సాక్షిగా నేను సంతకం పెడతానని, రెండో సాక్షి నువ్వేనని చెప్పి, సంచిలోనుంచి సిరా పెట్టె తీసి మూత తెరిచి అతని ముందు బండ మీద పెట్టాను. బీరప్ప బొటనవేలిని ధోతికి తుడుచుకున్నాడు. సిరా వైపు చూశాడు, గీత వైపు చూశాడు, చెయ్యి వెనక్కి తీసుకుని మోకాలి మీద పెట్టుకున్నాడు.

"గప్పుడు నీ అబద్దం చెల్లింది, నా నిజం చెల్లలే. గిప్పుడు నా ఏలెందుకు నీకు?"